నట్టు చుట్టూ సున్నా

ఆ ఎండాకాలం మా ఇంట్లో ముగ్గురం ఉండేవాళ్ళం, కారుతో కలిపి నలుగురం. కారుకి దక్కిన మర్యాద మిగతా ఇద్దరికీ దక్కలేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. నేను కాదనను.

నేను బీమా ఆఫీసులో గుమాస్తాని. ఎవరి కారు ఎవరి కారుని ఎలా గుద్దిందో పొద్దస్తమానం కాగితాల మీద చదవడం నా ఉద్యోగం. అలాంటివాడికి వేగం పిచ్చి పట్టకూడదు గానీ, పట్టింది. రెండు తలుపుల పాత కారొకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇంజను గట్టిదే. కానీ ముక్కు దిబ్బడేసినవాడిలా ఊపిరాడక పరిగెత్తేది. నాలుగు సిలిండర్ల పొగా పోత ఇనుముతో చేసిన ఒకే బండ గొట్టంలో ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటపడాలి. ఆ బండని తీసేసి, ఒక్కో సిలిండరుకి ఒక్కో పొడుగాటి స్టీలు గొట్టం పెడితే ఇంజను హాయిగా ఊపిరి వదులుతుంది. ఆ గొట్టాల సెట్టునే హెడర్స్ అంటారు.

వేసవి చివర, విమానాలు దిగడం మానేసిన ఒక పాత రన్‌వే మీద మా కార్ల క్లబ్బువాళ్ళు టైము పోటీ పెడతారు. ఆలోగా హెడర్స్ బిగించి, లాప్‌టాప్ తగిలించి ఇంజనుని ట్యూన్ చేసి, అక్కడ పరిగెత్తించాలని నా ఆశ. అదీ ఎవరి సాయమూ లేకుండా, నా చేతులతోనే. మెకానిక్కుకిస్తే అతని పనితనం అవుతుంది గానీ నాదెలా అవుతుందని నా వాదన. అప్పటికి నేను చూసిన వీడియోలన్నీ లెక్కేస్తే నాకు డిగ్రీ ఇవ్వొచ్చు.

ఆ పంతం మొదటి వారంలోనే నీరుగారిపోయింది. తుప్పు పట్టిన ఎనిమిది నట్లు మూడు రోజులు నాతో ఆడుకున్నాయి. చేతి వేళ్ళ చర్మం లేచిపోయింది గానీ ఒక్కటీ కదల్లేదు. మూడో రోజు సాయంత్రం షెడ్డు గుమ్మంలో ఎవరో దగ్గారు.

"ఏం అల్లుడూ, ఆ నట్టుతో నీకేమైనా పాత పగా?"

మావయ్య. మా ఆవిడ నాన్న. బస్సు డిపోలో ముప్పై నాలుగేళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. అత్తయ్య పోయాక ఏడాది పాటు ఒంటరిగా ఉండి, మేం బతిమాలితే అంతకుముందు చలికాలంలోనే మా ఇంటికొచ్చారు. వచ్చిన నాటి నుంచి తెల్లచొక్కా వేసుకుని కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోవడం తప్ప ఆయన చేసిందేమీ లేదు. పెట్టింది తినేవారు. అడిగితే వద్దనేవారు.

డిపో ఆయన చెవులు రెండూ తినేసింది. వినికిడి మిషను ఉంది గానీ "దీంట్లో మాట కంటే గోలెక్కువ" అని చొక్కా జేబులోనే పెట్టుకు తిరిగేవారు. అయినా ఆయనతో మాట్లాడ్డానికి మేమెప్పుడూ అరవాల్సిన అవసరం రాలేదు. డిపో షెడ్డులో ఆరేడు ఇంజన్లు ఒక్కసారిగా మోగుతుంటే ఎవరి గొంతూ ఎవరికీ వినపడదట. అక్కడ అందరూ పెదాలు చూసే మాట్లాడుకునేవారట. మొహం కనపడితే చాలు, ఆయనకి మాట అందేది.

ఒక ఆదివారం ఆ విద్యని మా చేత చప్పట్లు కొట్టించుకునేలా చూపించారు. కిటికీ లోంచి ఎదురింటి టైలరూ అతని భార్యా చేతులు తిప్పుకుంటూ దెబ్బలాడుకోవడం కనిపిస్తోంది. మాట ఒక్కటీ వినపడదు.

"కత్తెర ఏదని గొడవ," అన్నారు మావయ్య. "నువ్వే ఎక్కడో పారేశావంటున్నాడు. ఆవిడేమో, నీ బుర్రతో పాటే పోయుంటుంది, రెండూ కలిపి వెతుక్కో అంటోంది."

"నిజంగానా నాన్నా?" అంది మా ఆవిడ.

"కత్తెర అతని చంకలోనే ఉందమ్మా. ఆవిడ చూసింది కూడా. కావాలనే చెప్పట్లేదు."

మేం పొట్టలు పట్టుకుని నవ్వాం. ఆ సంగతి నాకు తెలియదని అనడానికి లేకుండా, నేనా రోజు అందరికంటే గట్టిగా నవ్వాను.

సరే, నట్ల దగ్గరికొస్తాను. మావయ్య నా చేతిలోంచి పానా తీసుకోలేదు. నట్ల మీద నూనె వేయించి, రాత్రంతా నాననిచ్చి, పొద్దున్నే గ్యాసు మంటతో ఒక్కోదాన్నీ వెచ్చబెట్టించి, చిన్న సుత్తితో నాలుగు పక్కలా తట్టించారు. "ఇప్పుడు తిప్పు," అన్నారు. వెన్న తీసినట్టు వచ్చింది.

మర్నాడు ఆయన తెల్లచొక్కా వేసుకోలేదు. ట్రంకుపెట్టె అడుగు నుంచి ఖాకీ చొక్కా తీశారు. రెండు మోచేతుల దగ్గరా అతుకులున్నాయి. దాన్ని తొడుక్కుని నాకంటే ముందే షెడ్డులో ఉన్నారు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి గొట్టాల మూతులు నున్నగా తోమి, బోల్టులు వరసగా గుడ్డ మీద పేర్చి పెట్టేవారు. ఒకరోజు మా ఆవిడ తను పనిచేసే మందుల షాపు నుంచి వచ్చి వంటింట్లోంచి నన్ను సైగ చేసి పిలిచింది.

"నాన్న ఇవాళ రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు తెలుసా?" అంది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. "అమ్మ పోయాక ఇదే మొదటిసారి. నీ కారు పుణ్యమా అని."

ఆ రోజు నాకు చాలా గర్వంగా అనిపించింది. ఆయన్ని మళ్ళీ మనిషిని చేసింది నేనే అనుకున్నాను. ఆ గర్వమే తర్వాత నా నోట్లోంచి వేరే రకంగా బయటికొచ్చింది.

పని చేస్తూ డిపో కబుర్లు చెప్పేవారు. డిపోలో ఆయన్ని సున్నా మేస్త్రి అనేవారట. అక్కడో పద్ధతి ఉంది. ఫిట్టరు కంటికి లోపమేదైనా పడితే, ఆ చోట వెల్డర్లు వాడే బలపంతో గుండ్రంగా సున్నా చుట్టేవాడు. ఆ బలపం గీత వేడికి కాలదు, నూనెకి చెదరదు. తర్వాతి షిఫ్టులో వచ్చినవాడు అది చూసి, విప్పి, బాగుచేసి, బొటనవేలితో సున్నా తుడిచేవాడు.

"పెట్టినవాడు విప్పకూడదు. విప్పినవాడే తుడవాలి," అన్నారు. "ఎందుకో తెలుసా? తప్పు పట్టినవాడూ బాగుచేసినవాడూ ఒకడే అయితే, వాడి మాటే ఎప్పుడూ నెగ్గుతుంది. అది బస్సుకి మంచిది కాదు."

"మరి రెండోవాడు నమ్మకపోతే?"

"నమ్మడంతో పనేముంది? సున్నా ఉంటే విప్పాలంతే."

హెడర్స్ బిగించిన రోజు ఇద్దరం బానెట్ ఊడదీసి గోడకి ఆనించాం, చేతులు ఆడటానికి. మధ్య నట్ల నుంచి మొదలుపెట్టి చివరలకి వెళ్ళాలన్నారు, అలాగే వెళ్ళాను. మూడో గొట్టం కింద నట్టొకటి ప్రాణం తీసింది. స్టీరింగు రాడ్డు అడ్డం. పానా పావు వంతు కూడా తిరగదు. తిరిగినంత తిప్పి, అయిందనిపించాను.

"ఒకసారి ఇంజను బాగా వేడెక్కి చల్లారాక అన్నీ మళ్ళీ బిగించాలి అల్లుడూ," అన్నారు మావయ్య. "గొట్టానికీ ఇంజనుకీ మధ్య వేసిన కొత్త గాస్కెట్ వేడికి అణుగుతుంది. అప్పుడు నట్టు వదులవుతుంది."

"అలాగే మావయ్యా."

బిగించాను, ఏడింటిని. ఎనిమిదోదాని కోసం రాడ్డు దించాలంటే సగం రోజు పని. పోటీ మూడు వారాల్లో ఉంది. రేపు చూద్దాం అనుకున్నాను. ఆయన ఆ పూట మా ఆవిడతో కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళారు. తిరిగొచ్చి, "అన్నీ అయ్యాయా?" అంటే, "అయ్యాయి," అన్నాను.

ఇక ట్యూనింగు. ఆ ఆదివారం పొద్దున్నే కారుని షెడ్డు బయటికి తెచ్చాం. బానెట్ ఇంకా గోడకే ఉంది. నేను డ్రైవరు సీట్లో, ఒళ్ళో లాప్‌టాప్. పొగ గొట్టంలో ఒక సెన్సరుంటుంది. పొగలో గాలి ఎక్కువుంటే పెట్రోలు చాల్లేదని చెబుతుంది. నేను తెర మీద పెట్రోలు పెంచాలి. పెంచాను. అయినా చాల్లేదంది. ఇంకా పెంచాను. ఇంకా చాల్లేదంది. ఎక్కడో నా లెక్క తప్పుతోంది. ఎక్కడో తెలియక ఒళ్ళు మండిపోతోంది. ఎండ ఒకటి.

మావయ్య ఇంజను ముందు వంగి ఉన్నారు. చాక్లెట్ చుట్టిన పల్చటి కాగితాన్ని పీలికలా చింపి, ఒక తీగ చివర కట్టి, గొట్టాల మధ్య మెల్లగా తిప్పుతున్నారు. చెవుల్లేని మనిషి ఇంజనుని అలా కళ్ళతో వింటున్నారని అప్పుడు నాకు తట్టలేదు. ఒక చోట కాగితం టపటపా కొట్టుకుంది కాబోలు. అద్దం లోంచి నాకు మూడు వేళ్ళు చూపించారు. తర్వాత, తర్వాత అని చెయ్యి ఊపాను. మళ్ళీ మూడు వేళ్ళు చూపించారు. నేను తెర మీద నుంచి తల ఎత్తలేదు.

అప్పుడే మా ఆవిడ మంచినీళ్ళు తెచ్చింది. ఆయన ఆమెతో ఏదో చెప్పారు. ఆమె నా వైపు వచ్చి కిటికీలోకి వంగింది. కొత్త గొట్టాల మోతకి పక్కన పిడుగు పడ్డా వినపడదు.

"మూడోదాని దగ్గర లీకుందంట! నీ సెన్సరు అందుకే తప్పు చెబుతోందంట! ఆపి, ఒకసారి విప్పి చూడమంటున్నాడు!"

నేను గొంతు చించుకుని చెప్పాను.

"మీ నాన్నకేం, ఊసుపోక ఏదో ఒకటంటాడు! చెవులు పోయినాయన ఇంజను సంగతి నాకు చెప్పేదేంటి? ఏదో పనిలో ఉన్నట్టుంటుందని నట్లు తిప్పనిస్తున్నా, అంతే! ఆయన మాట విని ఇంజను విప్పుతానా?"

మా ఆవిడ నవ్వింది. చిన్నగానే. ఎండలో, ఆ మోతలో, మొగుడు చిరాకుగా ఉన్నప్పుడు ఆడవాళ్ళు నవ్వేస్తారే, అలా.

తల తిప్పి చూస్తే మావయ్య అద్దం అవతల నిలబడి మా ఇద్దరినీ చూస్తున్నారు. అలవాటుగా చెయ్యి ఊపాను. ఆయన కూడా ఊపారు.

ఆ సాయంత్రం ఇంజను చల్లారాక, "నా డిపో పెట్టె ఎక్కడుందమ్మా?" అని కూతుర్ని అడగడం నాకు వినపడింది. కాసేపటికి చూస్తే ఆయన కారు కింద పడుకుని ఉన్నారు, పాదాలు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. సామాన్లు సర్దుకుంటున్నారేమో అనుకున్నాను. బయటికొచ్చి, సబ్బుతో చేతులు చాలాసేపు కడుక్కున్నారు.

మర్నాడు ఖాకీ చొక్కా తీగ మీద ఆరుతోంది. ఆయన తెల్లచొక్కాలో కిటికీ దగ్గరున్నారు.

"షెడ్డుకి రారా మావయ్యా?"

"నడుం పట్టేసింది అల్లుడూ. నువ్వు కానీయ్."

ఖాకీ చొక్కా ఆరింది, మడతపడింది, ట్రంకుపెట్టె అడుక్కి వెళ్ళింది. నాలుగో రోజు భోజనాల దగ్గర, చిన్నమ్మాయి రమ్మంటోందని అన్నారు. చిన్నమ్మాయంటే మా మరదలు. ఆమె ఎప్పటినుంచో రమ్మంటూనే ఉంది, ఆయనే కదల్లేదు. మా ఆవిడ మొహం చిన్నబోయింది.

"ఇక్కడేం తక్కువైంది నాన్నా?"

"తక్కువేముందమ్మా? బాగానే చూసుకున్నారు. ఆమెకీ కూతురిగా ఆశ ఉండదా?"

బస్సు ఎక్కించడానికి నేనే వెళ్ళాను. మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగారు. "పోటీకి ముందు ఒక్కసారి కిందకి దూరి చూసుకో అల్లుడూ," అన్నారు. "అలాగే మావయ్యా," అన్నాను. ఆయనతో నేను ఎన్నిసార్లు అలాగే అన్నానో, అందులో ఎన్ని చేశానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

చూడలేదు. లాప్‌టాప్‌తోనే కుస్తీ పట్టాను. సెన్సరు ఎంతడిగితే అంత పెట్రోలు పోశాను.

పోటీ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. జెండా ఊపగానే నా కారు నల్లటి పొగ కక్కింది, దగ్గింది, రన్‌వే సగంలో రెండుసార్లు ఆగినంత పని చేసి అవతలి గీత దాటింది. పట్టికలో నా తర్వాత ఒకే ఒక్క పేరుంది. ఆ కారు అసలు స్టార్టవలేదు.

మరుసటి శనివారం పొద్దున కారుని జాకీల మీదికెత్తి కింద దూరాను. స్పార్క్ ప్లగ్గులు అప్పటికే తీసి చూశాను, నాలుగూ మసిబొగ్గుల్లా ఉన్నాయి. టార్చి వేశాను. మూడో గొట్టం మూతి దగ్గర నుంచి నల్లటి మసి చార కిందికి దిగి ఉంది. గాస్కెట్ లీకు. ఇంజను పొగని కొట్టినప్పుడల్లా ఆ సందులోంచి కాస్త బయటికి పోతోంది, మళ్ళీ అంతే గాలిని లోపలికి పీలుస్తోంది. సెన్సరు ఆ గాలిని చూసి పెట్రోలు చాల్లేదని అబద్ధం చెప్పింది. నేను నమ్మి ఇంజను గొంతు దాకా పెట్రోలు పోశాను. పాపం, సెన్సరుని నమ్మాను గానీ, మనిషిని నమ్మలేదు.

మసి చార పైన ఉన్న నట్టు, నేను అయిందనిపించిన నట్టే. వేలితో తిప్పితే తిరిగింది. దాని చుట్టూ తెల్లగా, గుండ్రంగా, ఒక సున్నా.

ఎంతసేపు దాని కింద పడుకున్నానో తెలియదు. ఆ సాయంత్రం డిపో పెట్టె అడిగింది బలపం కోసమే. తనకి చెవుల్లేవన్నాక, పనివాడిగా కాదు, పని ఉన్నట్టుంటుందని మాత్రమే ఉంచుకున్నామన్నాక, ఆయన కారు కిందికి దూరి సున్నా పెట్టారు. తర్వాతి షిఫ్టువాడి కోసం.

‘అన్నాక’ అన్న మాట దగ్గర నా ఆలోచన ఆగింది. ఆయనకెలా తెలిసింది? ఆ మోతలో పక్కనున్న మా ఆవిడకే నేను అరిస్తే గానీ వినపడలేదు. లేచి వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చున్నాను. ముందు అద్దం. ఆ రోజు బానెట్ గోడకి ఆనించి ఉంది. ఇంజను ముందు నిలబడిన మనిషికీ నా మొహానికీ మధ్య ఒట్టి అద్దం తప్ప ఇంకేమీ లేదు. పైగా అరిచి చెప్పాను, ప్రతి మాటా నోరు బార్లా తెరిచి. ఆయనకి అంత స్పష్టంగా నేనెప్పుడూ మాట్లాడి ఉండను.

మా ఆవిడకి చెప్పాను. ఆమె షెడ్డు మెట్టు మీద కూర్చుండిపోయింది. నన్ను తిడుతుందని ఎదురు చూశాను. తిడితే బాగుండును.

"ఆ రోజు నేను నవ్వానా?" అని అడిగింది.

"చిన్నగా."

"నాన్న చూశాడా?"

నేను కారు ముందు అద్దం వైపు చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు మా మరదలి ఇంటికి వెళ్ళాను. మా ఆవిడ రానంది, ఏ మొహం పెట్టుకుని రావాలంది. నాలుగో అంతస్తులో ఇల్లు. హాల్లో ఫ్యాను కీచుకీచుమని తిరుగుతోంది.

"రండి బావగారూ. ఈ గోల కాస్త చూడు నాన్నా అని వారం నుంచి అడుగుతున్నాను," అంది మరదలు. "మనకెందుకమ్మా, మెకానిక్కుని పిలువు అంటాడు. ఎప్పుడైనా నాన్న నోట ఆ మాట విన్నామా? మీ ఇంట్లో బాగానే పని చేశాడటగా!"

మావయ్య బాల్కనీలో తెల్లచొక్కాతో కూర్చుని ఉన్నారు. నన్ను చూసి నిజంగానే సంతోషపడ్డారు. ఎదురుగా కుర్చీ లాక్కుని, వెలుగు నా మొహం మీద పడేలా కూర్చున్నాను.

"కారెలా ఉంది అల్లుడూ?"

"లీకు దొరికింది మావయ్యా. మూడోది. కింద నట్టు. నేను రెండోసారి బిగించలేదు. బిగించానని మీతో అబద్ధం చెప్పాను."

"ఆఁ, అది కష్టమైన చోటే," అన్నారు. "రాడ్డు దించావా?"

"దించాను. కొత్త గాస్కెట్ వేశాను. ఇప్పుడు బాగుంది."

"సున్నా తుడిచావా?"

"లేదు."

"తుడవాలయ్యా. లేకపోతే తర్వాత వచ్చినవాడు మళ్ళీ విప్పుతాడు."

తలూపాను. అప్పుడిక ఆగలేక, "మావయ్యా, ఆ ఆదివారం నేను కార్లో కూర్చుని..." అని మొదలుపెట్టాను.

ఆయన కళ్ళజోడు తీశారు. అది లేకపోతే ఆయనకి ఎదుటి మనిషి మొహం ముద్దగా కనిపిస్తుంది. పెదాల సంగతి చెప్పక్కర్లేదు. చొక్కా అంచు పైకి లాగి, తల వంచుకుని, ఒక్కో అద్దమూ మెల్లగా తుడవడం మొదలుపెట్టారు. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. నోరు జారింది అనలేదు, ఎందుకంటే జారలేదు, అలాగే అనుకునేవాణ్ణి. అది కూడా చెప్పాను. హాల్లో ఫ్యాను కీచుమంటూనే ఉంది. ఆయన ఎడమ అద్దం తుడిచారు, కుడి అద్దం తుడిచారు, మళ్ళీ ఎడమది తుడిచారు. నా మాటలైపోయాక కూడా కాసేపు తుడిచారు.

తర్వాత కళ్ళజోడు పెట్టుకుని, నా వంక నిదానంగా చూశారు.

"ఏమన్నా అన్నావా అల్లుడూ?"

ఇప్పుడు మొహం కనిపిస్తోంది, వెలుతురుంది, ఆయన చూస్తున్నారు. ఒక్కసారి మళ్ళీ చెబితే చాలు.

"ఏం లేదు మావయ్యా," అన్నాను.